మంచునాట నలువది దినములు

తెలుగు పాఠకునకు మంచుత్రోవలో చిక్కుపడిన మొదటి బాటసారి ప్రవరుడు. అల్లసాని పెద్దన మనుచరిత్రమున ఆ అరుణాస్పదపురపు బ్రాహ్మణుడు సిద్ధుడొసగిన పాదలేపమును పూసికొని హిమవత్పర్వతమునకు పోయినాడు. అచటి మంచునీటికి లేపము కరగిపోగా, ఇల్లు చేరు తెరువు గానక దిక్కుతోచక నిలిచినాడు. తరగతిలో ఈ ఘట్టమును బోధించునపుడు మేము లేపము సంగతి రెండు మాటలలో ముగించి వరూధిని యొద్దకు త్వరగా పోవుచుండెడివారము. విద్యార్థులకును కావలసినది అదియే. కాని 2021 జనవరిలో జమ్మూ-శ్రీనగరముల నడుమ బనిహాలు అను ఊర మూడు రాత్రులు చిక్కుపడిన పిమ్మట ఆ లేపము మాట మాకు వేరుగా వినబడుచున్నది. మంచునాటికి పోవుట ఎట్లో యెవరైనను చెప్పగలరు. అచట నిలుచుట యెట్లు, తిరిగి వచ్చుట యెట్లు అనునదే తెలియవలసిన విషయము.

ఈ వ్యాసము వ్రాయుటకు ప్రేరణ మాత్రము ప్రవరుడు కాడు. మన కళాశాలలో చదివిన విద్యార్థి యొకడు శ్రీనగరమున ఇంజనీరింగు చదువుటకు సీటు వచ్చినదని చెప్పవచ్చి, "సార్, ఆడికి ఏమేమి తీస్కపోవాలె?" అని అడిగినాడు. ఆ కుర్రవాడు పుట్టి బుద్ధెరిగినది మహబూబునగరము ఎండలలో. 'రెండు స్వెటర్లు, ఒక రగ్గు' అని చెప్పి పంపియుండిన మేము గురువు చేయవలసిన పని చేసినవారము కాము. అతనికి ముక్కలు ముక్కలుగ చెప్పినది ఇచట కూర్చి వ్రాయుచున్నాము. సైన్యములోనికి, రవాణా పనులకు, చదువులకు ఉత్తరమునకు పోవు మన పిల్లలు ఏటేట ఉన్నారు గనుక ఇది ఒక్కనికి చెప్పిన పాఠము కానక్కరలేదు.

మొదట మాట సంగతి. మన భాషలో తెల్లవారుజామున గడ్డిమీద నిలుచు బిందువును మంచే, దారి కనబడకుండ కమ్ము పొగవంటిదియు మంచే, ఆకాశము నుండి దూదివలె రాలునదియు మంచే, గడ్డకట్టి రాయియైన నీరును మంచుగడ్డయే. సంస్కృతము నుండి తుహినము, తుషారము, నీహారము, ప్రాలేయము అని పేర్లు ఎన్నో తెచ్చుకొంటిమి గాని, కవులు వానిని ఒకదాని బదులొకటి వాడిరే తప్ప వేరు చేసి చూపిన చోట్లు తక్కువ. చూడని వస్తువునకు పేర్లెన్ని యున్నను పోలిక తెలియదు గదా. కాశ్మీరీలో రాలు మంచునకు షీన్ అని పేరు. తొలి మంచు పడిన నాడు ఒకరినొకరు 'షీన్ ముబారక్' అని పలుకరించుకొందురు. గడ్డకట్టిన దానికి ఉర్దూ పారశీకములలో యఖ్ అను మాట కలదు. నడచువానికి ఈ భేదము ప్రాణముతో సమానము. షీన్ మీద కాలు దిగబడును, కాని నిలుచును. అదే షీన్ పగటి యెండకు కొంత కరగి రాత్రి మరల గడ్డకట్టి యఖ్ అయినపుడు కాలు నిలువదు. అచట ఎముకలు విరుగుట మంచు కురియు దినమున కంటె మరునాటి ఉదయమున ఎక్కువ.

కాశ్మీరీలు తమ శీతకాలమును మూడు భాగములు చేసిరి. డిసెంబరు 21తో మొదలగు 40 దినములు చిల్లయి కలాన్, పిదప 20 దినములు చిల్లయి ఖుర్ద్, ఆ పిదప 10 దినములు చిల్లయి బచ్చా. అనగా పెద్ద చలి, చిన్న చలి, పిల్ల చలి. పారశీకమున చెహెల్ అనగా నలువది. మన ఇండ్లలో బాలింత నలువది దినముల గడువును చిల్లా అందుము గదా, అదియే ఈ మాట. ఈ పెద్ద చలిలో శ్రీనగరమున రాత్రి ఉష్ణోగ్రత సున్నకు దిగువన ఐదారు డిగ్రీలకు పోవుట సాధారణము. 2024 డిసెంబరు 20-21 నడిమి రాత్రి అది మైనస్ 8.5 డిగ్రీలకు దిగినది. ఆదిలాబాదు చలిని గూర్చియు, లంబసింగి చలిని గూర్చియు మనము చెప్పుకొను ముచ్చటలు అచట చెప్పకుండుట మేలు. మేము చెప్పి నవ్వులపాలైతిమి.

ఇక మా ప్రయాణము. విశ్వవిద్యాలయములో ఎం.ఏ. చదువుకాలమున మాతో వసతిగృహమున నుండిన కాశ్మీరీ మిత్రుడొకడు ఏటేట పిలుచుచుండెను. ఆ యేడు కరోనా వలన తరగతులు లేవు. తీరిక దొరికినదని బయలుదేరితిమి. జమ్మూ వరకు రైలు, అచటి నుండి అద్దెబండి. ఆ దారి 44వ నెంబరు జాతీయ రహదారియే. మన జడ్చర్ల మీదుగ కర్నూలు, అనంతపురము పోవు రోడ్డునకు ఉత్తరపు కొస అది. జడ్చర్లలో ఆ నెంబరు చూచిన ప్రతిసారి అది ఎచటనో మంచులో మొదలగుచున్నదని మాకు ఎన్నడును తోచలేదు.

జమ్మూ నుండి శ్రీనగరము సుమారు 270 కిలోమీటర్లు. ఎండకాలమున ఒక పగటి ప్రయాణము. మేము బనిహాలు చేరునప్పటికి చీకటి పడినది, మంచు మొదలైనది. పైన జవాహరు సొరంగపు నోటి యొద్ద మంచు పేరుకొనిపోయి రాకపోకలు ఆగినవి. 1956లో తెరచిన ఆ సొరంగము సముద్రమట్టమునకు 2,000 మీటర్లకు మించిన యెత్తున నున్నది. దాని పొడవు మూడు కిలోమీటర్లకు లోపే. సొరంగము లోపల మంచు పడదు నిజమే, కాని దాని నోటికి చేరుటకు ఎక్కవలసిన కొండదారి అంతయు మంచు పాలే. కొండ క్రింద 11 కిలోమీటర్ల రైలు సొరంగము 2013 నుండియు కలదు. ఆ రైలు ఆ దినములలో కరోనా వలననే నిలిచియుండెను. వందలకొలది లారీలు, బండ్లు వరుసగా ఆగినవి. మా డ్రైవరు చక్రములకు గొలుసులు బిగించుకొనియు ముందుకు కదలలేదు. "గొలుసులు బండిని లాగును, కొండను ఆపవు" అని ఉర్దూలో అతడనిన మాట మాకు జ్ఞాపకము. అచటి ముసలాయన యొకడు మమ్ము, ఇంకొక నలుగురిని తన యింటికి తోడుకొని పోయెను. పేరు చెప్పవలదని ఆయనయే కోరెను.

ఆ యింట మాకు తొలుత ఇచ్చినవి రెండు, ఒక ఫిరన్, ఒక కాంగ్డీ. ఫిరన్ అనగా మోకాళ్లు దాటి వ్రేలాడు వదులైన ఉన్ని అంగీ. కాంగ్డీ అనగా చేతిబుట్టలో అమర్చిన చిన్న మట్టికుండ, అందు నిప్పులు. మన కుంపటిని చంకన పెట్టుకొని తిరుగగలిగినట్లు చేసిన యుక్తి అది. శరత్కాలమున రాలిన చినారు ఆకులను, కొమ్మలను కాల్చి, నీళ్లు చల్లి ఆర్పి, ఆ బొగ్గును చలికాలమునకు దాచుకొందురు. ఫిరన్ లోపల కాంగ్డీ ఉంచుకొనిన దేహమునకును బట్టకును నడుమ గాలి వెచ్చనై నిలుచును. గదినంతటిని కాచుటకు కట్టెలు చాలవు గనుక, ఒక్కొక్క మనిషి చుట్టునున్న మూరెడు గాలిని కాచుకొనుట. పేదల లెక్క యిది, చాల సరియైన లెక్క. ఒంటిమీద ఒక మందపు కోటు కంటె రెండు మూడు పలుచని ఉన్నిబట్టలు మేలగుటకును ఇదే కారణము. నూలుబట్ట మాత్రము చెమటకు తడిసి ఆరక ఒంటికి అంటుకొని చలిని లోనికే తెచ్చును.

ఆ రాత్రి మేము చేసిన తప్పు చెప్పకతప్పదు. మాతో నున్నవారిలో ముగ్గురము దక్షిణదేశీయులము. తలుపు సందులలో గుడ్డలు కుక్కి, కిటికీ గడియ బిగించి, రెండు కాంగ్డీలు గది నడుమ నుంచి పడుకొంటిమి. పొగ లేదు, వాసన లేదు. కొంతసేపటికి తల దిమ్ముగ నున్నది. ప్రయాణపు అలసట అనుకొంటిమి. ఒకనికి వాంతి వచ్చినట్లైనది. చలి గాలి తగిలినదనుకొని ఇంకొక దుప్పటి కప్పితిమి. ముసలాయన నీళ్ల కొరకు లేచి గది తలుపు త్రోచి చూచి, అది తెరువబడక, కేకలు వేసి తట్టి లేపినాడు. "ఖిడ్కీ ఖోలో బేటా, ఖిడ్కీ ఖోలో!" అని ఆయన యరచుట వినబడినది గాని లేచుటకు కాళ్లు రాలేదు. మాలో అందరికంటె చిన్నవాడు ప్రాకుచు పోయి గడియ తీసెను. బయటి మంచుగాలి లోనికి వచ్చినది. తెల్లవారు వరకు తలనొప్పి పోలేదు.

విద్యార్థులు దీని కారణము తెలిసికొనవలెను. బొగ్గు చాలినంత ప్రాణవాయువు లేక కాలినపుడు కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తుటిలోని హిమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనుట కంటె దీనిని 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. ఊపిరి ఆడుచునే యుండును, కాని దేహమునకు అందవలసినది అందదు. 'పొగ పోయినది గదా' అనుకొనుటయే మోసము. పొగ పోయిన నిప్పులోనే ఇది పుట్టుచుండును. బొగ్గుకే కాదు, గ్యాసు హీటరునకును, కట్టెల బుఖారీకిని ఇదే న్యాయము. బుఖారీకి గొట్టము ఉండుట పొగ కొరకు మాత్రమే కాదన్నమాట. మంచులో ఆగిన కారునకు సైతము ఇదే అపాయము. వెనుక గొట్టము మంచులో కప్పబడగా ఇంజను ఆడుచుండిన, విడిచిన గాలి లోనికే వచ్చును. 2022 జనవరిలో పాకిస్తానులోని మరీ కొండలపై మంచులో చిక్కిన కార్లలో 20 మందికి పైగా చనిపోయిరి. వారిలో పలువురు గడ్డకట్టి కాక ఈ విషవాయువు వలననే పోయియుందురని అప్పుడు తలచిరి. కావున గొట్టము చుట్టు మంచు త్రవ్వి తీయుట, కిటికీ అద్దము వ్రేలెడు దించుట, ఇంజనును అప్పుడప్పుడు మాత్రమే ఆడించుట. ఈ మూడును చదువుకొని గుర్తుంచుకొనవలసినవి.

కాంగ్డీకి ఇంకొక దోషమును కలదు. ఏండ్ల తరబడి పొత్తికడుపునకు, తొడలకు తగులు వేడి వలన ఆ చోట చర్మమునకు క్యాన్సరు కలుగుట కాశ్మీరమున ప్రత్యేకముగ కనబడినది. శ్రీనగరమున వైద్యము చేసిన ఎల్మ్‌స్లీ అను డాక్టరు 1866లోనే దీనిని గూర్చి వ్రాసెను. అయినను కాంగ్డీని నిందించుటకు మాకు మనసొప్పదు. విద్యుత్తు పోయిన రాత్రి దానిని మించినది అచట లేదు. ఒడిలో పెట్టుకొని నిద్రపోకుండుట, పడకలోనికి తీసికొని పోకుండుట, కిటికీ కొంచెము తెరచియుంచుట చాలును. సంపన్నుల ఇండ్లలోను మసీదులలోను హమ్మాములు కలవు. రాతిపలకల నేల క్రింద మంట పెట్టి నేలనే వెచ్చచేయుదురు, పొగ వేరు దారిన పోవును. ఊరి ముసలివారందరు చలి దినములలో మసీదు హమ్మామునందే కూర్చుండుట చూచితిమి.

మరునాడు నీటి యిబ్బంది. నల్లా తిప్పిన చుక్క రాలేదు. నీరు గడ్డకట్టునపుడు ముడుచుకొనదు, సుమారు నూటికి 9 పాళ్లు పెరుగును. తక్కిన పదార్థములు పెక్కింటికి విరుద్ధమైన ఈ గుణమే ఇనుప గొట్టములను సైతము పగులగొట్టును. అందుచేత రాత్రిపూట నల్లాను సన్నని ధారగ విడిచియుంచుదురు, లేదా గొట్టములో నీరంతయు దింపివేయుదురు. గడ్డకట్టిన గొట్టమును తెల్లవారి వేడినీటి గుడ్డతో నల్లా వైపు నుండి మొదలిడి వెనుకకు కాచుచు పోవలెను. నడుమ మంట పెట్టిన ఆవిరి పోవు దారి లేక గొట్టము పగులును. అయితే నీటికి 4 డిగ్రీల యొద్ద బరువు హెచ్చు, గడ్డకట్టినపుడు తేలిక. కావున దాల్ సరస్సు పైపొర మాత్రమే బిగుసుకొని, అడుగున చేపలు బ్రతికియుండును. ఇంటి గొట్టమును పగులగొట్టు గుణమే చేపను కాచుచున్నది. ఆ బిగిసిన సరస్సు మీద పిల్లలు నడచుటకు సాహసింతురు. పొర మందము చోటుచోటునకు మారును గనుక అధికారులు ఏటేట హెచ్చరించుచునే యుందురు.

నడకను గూర్చి ముసలాయన చెప్పినది ఒకే మాట: "బాతువలె నడువుము." అడుగు చిన్నదిగ, పాదమంతయు ఒక్కసారి నేల నాని, మోకాలు కొంచెము వంచి నడువవలెను. చేతులు జేబులలో నుంచిన పడునపుడు ఆనుకొనుటకు ఉండవు. ఆయనయే ఫిరన్ లోపల నిప్పుల కుండతో జారుదారిన పోవుట చూచి మేము వెరగుపడితిమి. పూర్వము వరిగడ్డితో అల్లిన పుల్హోరు అను చెప్పులు తొడిగెడివారట. గడ్డి మంచును పట్టుకొనును. ఇపుడు రబ్బరు బూట్లు వచ్చినవి. ఇంటి చూరు క్రింద నిలువరాదు. కాశ్మీరపు ఇండ్ల కప్పులు ఏటవాలుగ నుండుట మంచు నిలువక జారుటకే. ఆ జారినది క్రింద నున్నవాని మీదనే పడును. రోడ్ల మీద ఉప్పు చల్లుదురు. కుల్ఫీ బండివాడు ఐసులో ఉప్పు కలుపుట మీరు చూచియుందురు. ఉప్పు కలసిన మంచు సున్న కంటె దిగువనే కరగును. అతడు చలిని పెంచుటకు వాడునదే వారు దారి కరగించుటకు వాడుచున్నారు. చలి మరీ తీవ్రమైన రాత్రి మాత్రము ఉప్పును పనిచేయదు.

తిండి మాట కొచ్చిన మాకు సొంత యింటికి వచ్చినట్లైనది. చలికాలమున కూరగాయలు దొరకవు గనుక ఎండకాలముననే వంకాయలు, సొరకాయలు, టమాటలు కోసి ఎండబెట్టి దండలు గ్రుచ్చి దాచుకొందురు. మన ఒరుగులే. చేపలను సైతము ఎండబెట్టుదురు. 'ఇవి మా వైపు కూడ కలవు' అనగా ఇంటివారు నమ్మలేదు. ఎండలు మెండుగ నుండు దేశమునకు ఒరుగులెందుకని వారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నయే. మనము వానకాలమునకు దాచుకొందుము, వారు మంచునకు. తెల్లవారుజామున హరీసా అమ్ముదురు. మాంసమును బియ్యముతో కలిపి రాత్రంతయు సన్నని సెగను ఉడికించి మెదిపినది. హైదరాబాదు హలీము నెరిగిన వానికి పరిచయము చేయనక్కరలేదు. అయితే హైదరాబాదులో అది రంజాను సాయంకాలపు వంట, అచట అది చలి యుదయపు వంట. ఉప్పు వేసిన నూన్ చాయి మొదటి గ్రుక్క మాకు రుచింపలేదు, మూడవ దినమున అడిగి త్రాగితిమి.

మూడు రాత్రుల పిదప దారి ఒక వైపునకు మాత్రమే విడిచిరి. మేము ఆ యేడు జనవరిలో పడిన శ్రమ నేడు పోవువానికి అంత లేదని చెప్పవలెను. పట్నీటాపు మంచు నడుమకు పోకుండ చెనానీ-నాశ్రీల మధ్య 9 కిలోమీటర్ల సొరంగము 2017లోనే వచ్చినది. బనిహాలు-ఖాజీగుండ్ల నడుమ పాత సొరంగము కంటె దిగువన 8.5 కిలోమీటర్ల క్రొత్త సొరంగమును 2021 ఆగస్టులో రాకపోకలకు విడిచిరి. మేము తిరిగివచ్చిన ఏడు నెలలకు! 2025 జూన్ 6న చినాబు వంతెన మీదుగ కట్రా నుండి శ్రీనగరమునకు నేరుగ రైలు మొదలైనది. ఆ రైలులో నీటి తొట్లు గడ్డకట్టకుండ, డ్రైవరు అద్దము మంచు పట్టకుండ వేడిచేయు ఏర్పాట్లు చేసిరి. లడఖు దారిలోని జోజిలా కనుమ, 3,500 మీటర్ల యెత్తునది, చలికాలమున నెలల తరబడి మూతపడుట వాడుకగ నుండెను. దాని క్రింద సొరంగము త్రవ్వు పని 2020లో దక్కినది హైదరాబాదునకు చెందిన మేఘా ఇంజనీరింగు సంస్థకు.

సొరంగములు రోడ్డును కాచును, కొండవాలున నున్న పల్లెలను కాదు. 2005 ఫిబ్రవరిలో దక్షిణ కాశ్మీరమున వాల్టెంగు నార్ అను పల్లె మీద మంచుచరియలు విరిగిపడి 150 మందికి పైగా చనిపోయిరి. లడఖునందలి సియాచినులో 2016 ఫిబ్రవరి 3న మంచు క్రింద పడి మడిసిన మద్రాసు రెజిమెంటు సైనికులలో కర్నూలు జిల్లా పల్లెకు చెందిన ముస్లిం యువకుడొకడు కలడు. మంచు మనకు దూరపు సంగతి అనుకొనువారికి ఈ ఒక్కటి చాలును. క్రొత్తమంచు విస్తారముగ పడిన పిమ్మటి ఒకటి రెండు దినములు చరియలకు మిక్కిలి అనువైనవి. అధికారులు హెచ్చరించిన వాలుల మీదుగ ఆ దినములలో పోవుట ధైర్యము కాదు.

ఇంత చెప్పినను అచటివారు మంచు రాకూడదని కోరరు. మాకు ఇది మొదట అర్థము కాలేదు. చిల్లయి కలానులో పడిన మంచు కొండలపై బిగిసి నిలిచి, వేసవిలో మెల్లగ కరగి జీలం నదికిని, వరిమళ్లకును, ఆపిల్ తోటలకును నీరగును. ఫిబ్రవరి కడపట పడినది త్వరగ కరగి కొట్టుకొనిపోవును. 2024 జనవరిలో గుల్మార్గులో నేల కనబడినది. మంచు లేదు. మా మిత్రుడు ఫోనులో చెప్పిన గొంతు, మన రైతు జూలైలో వాన రాలేదని చెప్పు గొంతే. వేళ తప్పిన మంచు మరల వేరు. 2019 నవంబరు మొదట, ఆకు రాలకమునుపే పడిన మంచునకు ఆకులతో, కాయలతో బరువెక్కిన ఆపిల్ కొమ్మలు తోటలకు తోటలే విరిగినవి.

మా విద్యార్థికి ఇదంతయు చెప్పి, ఫిరన్ అచటనే కొనుమని, కాంగ్డీని వసతిగృహపు గదిలో పెట్టవలదని, డిసెంబరు కడపట సెలవులిచ్చిన మరునాడే బయలుదేరక దారి వార్త విని బయలుదేరుమని పంపితిమి. డిసెంబరు నడుమ అతని వద్ద నుండి ఫోను వచ్చినది. నల్లా బిగిసినదట, రెండుసార్లు జారి పడినాడట, దెబ్బ తగులలేదట. "సార్, ఒరుగులు ఈడ గూడ ఉన్నయి. చింతపండు మాత్రం దొరుకుతలేదు, అమ్మతోని పంపియ్యుమని చెప్పుండ్రి" అన్నాడు.